సొరుగు దగ్గర చెప్పిన మాట

ఆ కళ్లద్దాల షాపులో గల్లాపెట్టె లేదు. బల్లకి ఒక సొరుగు ఉంది. దానికి తాళం ఉంది గానీ తాళంచెవి ఎప్పుడో పోయింది. వచ్చిన డబ్బంతా అందులో పడుతుంది, ఇంటిల్లిపాదీ అందులోంచే తీసుకుంటారు. జీతాలు లేవు, వాటాలు లేవు. ఒకటే నియమం: తీసుకునేవాళ్లు ఎందుకు తీస్తున్నారో పైకి చెప్పాలి, షాపులో ఎవరున్నా సరే. "సొరుగమ్మా, నా చెప్పు తెగింది!" అని ఇంటాయన నోట్లు తీస్తాడు. "సొరుగూ, నా మోకాళ్లు మొరాయిస్తున్నాయి," అంటూ నాయనమ్మ కర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగుతుంది. అద్దాలు కొనడానికి వచ్చినవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, డబ్బు దగ్గర ఒకరినొకరు అనుమానించుకున్న పాపాన మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.

ఈ ఏర్పాటు పెట్టింది అద్దాలమ్మ. అసలు పేరు పెట్టి ఆవిణ్ని పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు, వీధి వీధంతా అద్దాలమ్మే. కళ్లు పరీక్ష చేసేది ఆవిడ, ఫ్రేములు బిగించేది భర్త, వెనకగదిలో మిషన్ మీద అద్దాలు అరగదీసేది పండు. కింద షాపు, పైన ఇల్లు.

పండు వాళ్లకి ఒక్కగానొక్క సంతానం. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, ఆడపిల్లగానే పెంచారు. నిరుడు ఒక ఆదివారం తల్లినీ తండ్రినీ ఎదురుగా కూర్చోబెట్టి, తను ఆడపిల్ల కాదనీ, మగవాడిననీ, ఊహ తెలిసినప్పటినుంచీ ఇంతేననీ చెప్పాడు. ఇంట్లోవాళ్లకి ఇంకా నోరు తిరగలేదు గానీ ఈ కథలో మనం వాడు అనే చెప్పుకుందాం, వాడికి అదే సరైంది. ఆ రోజు తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు. అద్దాలమ్మ చాలాసేపు ఆలోచించి, "జుట్టు కత్తిరించుకుంటావా, కత్తిరించుకో. ప్యాంటూ చొక్కా ఎలాగూ వేస్తూనే ఉన్నావ్. ఈ మాట మాత్రం మళ్లీ ఎత్తకు," అంది. పండు సరేనన్నాడు. ఆ సరే విని ఆవిడ గండం గడిచిందనుకుంది. ఏడాదిపాటు నిజంగానే ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మళ్లీ ఎత్తింది ఒక మామూలు పొద్దున్న. షాపు అప్పుడే తెరిచారు. ఇంటాయన స్టూలు మీద కూర్చుని ఎవరిదో విరిగిన ఫ్రేముకి చిన్న స్క్రూ వెతుకుతున్నాడు. అద్దాలమ్మ పరీక్ష అద్దాల పెట్టె ముందు పెట్టుకుని ఒక్కొక్క అద్దాన్నీ మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. పక్కన టీ చల్లారిపోతోంది. పండు వెనకగదిలోంచి తడిచేతులు చొక్కాకి తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, సొరుగులోంచి తీసుకోవాలి."

"తీసుకో. ఎందుకూ?" అంది ఆవిడ తల ఎత్తకుండానే.

పండు గొంతు సవరించుకున్నాడు. "హార్మోన్ మందులు మొదలుపెట్టాలి. డాక్టర్ని కలిశాను. ముందు రక్తపరీక్షలు చేయించుకోవాలి. అవి బాగుంటే ఇంజెక్షన్లు ఇస్తారు. మందు ఖర్చు మరీ ఎక్కువేం కాదు, డాక్టర్ ఫీజూ పరీక్షలే ఎక్కువ. మూణ్నెల్లకోసారి చేయిస్తూ ఉండాలి."

ఇంటాయన చేతిలో స్క్రూ జారి ఎటో దొర్లిపోయింది. ఇక అది దొరకదు. అద్దాలమ్మ చేతిలో అద్దాన్ని పెట్టెలో దాని చోట పెట్టింది, పండు సగం లాగిన సొరుగుని చేత్తో నెట్టి మూసింది. ఎందుకో చెప్పాక కూడా కాదనడం ఆ షాపు పుట్టాక అదే మొదటిసారి.

"ఇప్పుడు కుదరదు."

"వచ్చే నెల?"

"వచ్చే నెలా కుదరదు. కంప్యూటర్ మిషన్ కొనాలి. వచ్చిన ప్రతివాడూ కంప్యూటర్ టెస్టు ఉందా అని అడిగి మెయిన్ రోడ్డు షాపుకి పోతున్నాడు. నీకు తెలియదా?"

"తెలుసమ్మా. డబ్బు లేక కుదరదా, ఇందుక్కాబట్టి కుదరదా?"

"పండూ, పొద్దున్నే నా ప్రాణం తీయకు. వెళ్లి పని చూసుకో."

పండు వెళ్లాడు. కాసేపటికి వెనకగదిలో మిషన్ చప్పుడు మొదలైంది. రోజూ వినే చప్పుడే. అయినా ఆ పూట అది ఆవిడ పళ్ల మీద అరగదీస్తున్నట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే కుట్టుపనావిడ వచ్చింది. సందు చివర గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది, చాలా ఏళ్లుగా కళ్లద్దాలకి ఇక్కడికే వస్తుంది. "అక్కా, సూదిలో దారం ఎక్కడంలేదు. కంటికీ చేతికీ తగువొచ్చింది," అంది నవ్వుతూ. అద్దాలమ్మ నవ్వలేదు. చీకటిగదిలో కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మార్చడం మొదలుపెట్టింది.

కంటిపరీక్షలో ఆవిడకొక పద్ధతుంది. "మొదటిదా, రెండోదా?" అంటుంది, ఆగుతుంది. ఎంతసేపైనా ఆగుతుంది. ఎదుటివాళ్లు తడబడితే మళ్లీ మార్చి మళ్లీ అడుగుతుంది. బాగుంది కదా అని మాత్రం చచ్చినా అనదు. అంటే మొహమాటానికి అవుననేస్తారు, ఆ అవును ముక్కు మీద పెట్టుకుని ఇంటికి పోతారు. పని నేర్పే రోజుల్లో పండు ఒకసారి నోరు జారి బాగుంది కదండీ అంటే, అక్కడికక్కడే వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ పూట ఆవిడ మనసు మనసులో లేదు. గొంతు మారిపోతుందంటారు, గడ్డం వస్తుందంటారు, రేపు వీధిలో జనం ఏమంటారు, మందు పడక ఏమైనా అయితే? చేతులు వాటంతటవే అద్దాలు మారుస్తున్నాయి. "ఇదే బాగుంది కదా?" అంది. కుట్టుపనావిడ ఒక్క క్షణం ఆగి, "ఆఁ అక్కా," అంది. అద్దాలమ్మ నంబరు రాసి చీటీని వెనకగదిలోకి పంపేసింది. చేసిన పొరపాటు ఆవిడకి తట్టనైనా తట్టలేదు.

మధ్యాహ్నం పైన భోజనాల దగ్గర పిడుగు పడింది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాయనమ్మకి చెవుడు, ఆవిడ ఏదీ పట్టించుకోకుండా తింటోంది. మూకుడు మూత తీస్తూ తీస్తూ అద్దాలమ్మ ఒక్కసారిగా భర్త మీద విరుచుకుపడింది.

"అంతా మీవల్లే! ఊయల్లో ఉన్నప్పటినుంచీ ఏరా, ఒరేయ్, మా ఇంటి మగపిల్లాడండీ! వద్దు వద్దని మొత్తుకున్నాను, విన్నారా? మీ నోటిమాటే తగిలింది దానికి!"

ఇంటాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "ముద్దుకి అన్నానే," అన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. నిజానికి ఏడాదిగా ఆయన్ని లోపల్లోపల తొలుస్తున్నది ఇదే. ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు పెళ్లామే బయటపెట్టేసరికి తట్టుకోలేకపోయాడు. పండు వైపు తిరిగి, "నావల్లేనా రా? నిజం చెప్పు. నేనలా పిలవబట్టేనా?" అన్నాడు.

"పక్కింటాయన కూడా వాళ్లమ్మాయిని ఏరా అనే పిలిచేవాడు నాన్నా. ఆ అమ్మాయి శుభ్రంగా పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కని రోజూ మొగుణ్ని సాధిస్తోంది," అన్నాడు పండు. తర్వాత కాస్త నెమ్మదిగా, "నువ్వు పిలవడంవల్ల ఏమీ అవలేదు. నువ్వు పిలిచినప్పుడు మాత్రం నన్నే పిలిచినట్టు ఉండేది. మిగతావాళ్లు పిలిస్తే వెనక్కి తిరిగి చూసుకోవాలనిపించేది, ఇంకెవరైనా ఉన్నారేమోనని."

ఇంటాయన ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అద్దాలమ్మ మాత్రం కరగలేదు. కరిగితే ఎక్కడ లొంగిపోవాల్సి వస్తుందోనని ఆవిడ భయం.

"ఒకసారి మొదలుపెడితే గొంతు మారిపోతుందటగా? మానేసినా పాత గొంతు మళ్లీ రాదటగా?"

"నువ్వెక్కడ చదివావ్?"

"ఎక్కడో చదివాన్లే. అవునా కాదా?"

"రాదు. గొంతు మారితే మారినట్టే. రేపు పిల్లలు కావాలంటే ఎలా అని కూడా డాక్టర్ అడిగింది. తొందరలేదు, ఆలోచించుకుని రమ్మంది. ఆలోచించుకునే వెళ్లాను. కౌన్సెలింగ్‌కి కూడా వెళ్లొచ్చాను."

"రేపు తప్పు చేశాననిపిస్తే? ఎవర్నడుగుతావ్ అప్పుడు? అంత గట్టిగా నీకెలా తెలుసే?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా?"

జవాబు లేనప్పుడు ఎవరం చేసేదైనా ఒకటే, గొంతు పెంచడం. "నోరు లేస్తోందే! ఇందుకా నిన్ను కని పెంచింది!" అని అరిచింది. ఆ అరుపు నాయనమ్మదాకా వెళ్లింది.

"ఏంట్రా గొడవ?" అంది ఆవిడ కొడుకుని.

ఇంటాయన ఆవిడ చెవి దగ్గరికి వంగి, "పండు మందులు వాడుతుందంటమ్మా! గొంతు మగవాళ్ల గొంతులా మారుతుందంట!" అని అరిచాడు.

నాయనమ్మ పండుని ఎగాదిగా చూసింది. "మారనీ. పిట్టగొంతుతో ఎప్పుడేం చెప్పినా నాకొక్క ముక్క వినపడి చావదు. బొంగురుగా ఉంటే అదేదో వినపడుతుంది," అని మళ్లీ తినడంలో పడింది.

ఇంకెప్పుడైనా అయితే అందరూ పగలబడి నవ్వేవాళ్లే. పండు పెదాలు మాత్రం కాస్త కదిలాయి. చెయ్యి కడుక్కొచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"మెయిన్ రోడ్డు షాపువాళ్లు పనికి రమ్మన్నారు. ఎన్నాళ్లనుంచో అడుగుతున్నారు, ఇవాళ ఒప్పుకుందామనుకుంటున్నాను. ఒకటో తారీఖు నుంచి వెళ్తాను. అక్కడ జీతమిస్తారు. జీతం డబ్బు ఎందుకని ఎవరూ అడగరు."

అద్దాలమ్మ గరిటె పక్కన పెట్టేసింది. "ఇల్లు వదిలి పోతావా?"

"ఇల్లు కాదమ్మా, షాపు."

"మనకి రెండూ ఒకటే కదే!"

"అందుకే ఇన్నాళ్లు ఆగాను," అన్నాడు పండు. "నాకు తెలిసినవాడొకడు డబ్బుల్లేక పరీక్షలన్నీ మానేసి, మందొక్కటే ఎక్కడో కొనుక్కుని తనే పొడుచుకున్నాడు. రక్తం చిక్కబడి ఆసుపత్రిపాలయ్యాడు. నేనలా చెయ్యను. సొరుగులోంచి చెప్పకుండానూ తియ్యను. పద్ధతిగా మొదలుపెట్టాలంటే నాకిదొక్కటే దారి."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. షాపు తెరిచారు, మూశారు. పండు ఎప్పటిలాగే అద్దాలు అరగదీశాడు. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని మిషన్ వాడడం నేర్పుతున్నాడు, తను వెళ్లిపోయాక ఇబ్బంది పడకూడదని. ఆయన వేళ్లు అద్దాన్ని వంకరగా పట్టుకున్నప్పుడల్లా పండు ఓపిగ్గా సరిచేస్తుంటే, గడపలో నిలబడి చూసిన అద్దాలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. పోట్లాడి వెళ్లేదైతే బాగుండేది. ఇలా అన్నీ సర్దిపెట్టి వెళ్లడం ఆవిడకి మరీ కష్టంగా ఉంది.

ఒకరోజు భర్త, "పోనీ ఇచ్చేద్దామే," అన్నాడు.

"మరి కంప్యూటర్ మిషన్?"

"నువ్వు వద్దన్నది మిషన్ కోసమేనా?"

ఆవిడ లేచి వెళ్లి పరీక్ష అద్దాల పెట్టె సర్దింది. ఏం మాట్లాడుతుంది? మందు పడక పిల్ల చచ్చిపోతుందేమోనన్న భయం ఒక పక్క, వీధిలో తలెత్తుకోలేనన్న సిగ్గు ఇంకో పక్క. ఆ రెండిటి అడుగునా మరొకటుంది. తన కడుపున పుట్టిన ఆడపిల్ల అసలెప్పుడూ లేదని ఒప్పుకోవాలి. జడ వేసిన చేతులకి, గౌనులు కొన్న చేతులకి ఏం సమాధానం చెప్పుకోవాలి? ఇదంతా భర్తకైనా చెప్పలేదు ఆవిడ. ఎవరూ చూడకుండా ఏడ్చి, మొహం కడుక్కుని కిందికి దిగేది.

ఒకటో తారీఖు రెండ్రోజుల్లో ఉందనగా కుట్టుపనావిడ మళ్లీ వచ్చింది. చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. కొత్త కళ్లద్దాలు కళ్లకి లేవు, చేతిలో పట్టుకుంది. తగువుకొచ్చినట్టు లేదు, తప్పు చేసి వచ్చినట్టు గుమ్మంలోనే నిలబడింది.

"ఏమనుకోకండక్కా. ఇవి పెట్టుకుంటే గీతలన్నీ పక్కకి వాలిపోతున్నాయి. మిషన్ సూది వేల్లోంచి దిగిపోయింది."

అద్దాలమ్మ గబగబా లేచి వెళ్లి ఆ వేలు పట్టుకుని చూసింది. గుడ్డ మీద రక్తం నల్లగా ఎండిపోయింది. "అయ్యో! మరి ఆ రోజే చెప్పలేదేం? కనపడుతోందన్నావు కదా!"

"మీరు బాగుందన్నారు కదక్కా. ఇన్నేళ్ల అనుభవం మీది, మీకన్నా నాకెక్కువ తెలుసా అని సరేనన్నాను." ఆవిడ సిగ్గుపడుతూ నవ్వింది. "ఇంటికెళ్లాక కూడా తప్పు నా కళ్లదే అనుకున్నాను. అద్దాలమ్మ ఇచ్చిన అద్దాలు తప్పెలా అవుతాయని, తలనొప్పొచ్చినా తియ్యకుండా పెట్టుకునే ఉన్నాను."

అద్దాలమ్మకి అప్పుడు గుర్తొచ్చింది, ఆ పూట తను ఏమందో. ఒక్కసారి కూడా అననిది, పండుని కొట్టి మరీ మాన్పించినది, తన నోటితోనే అంది. కుట్టుపనావిడని మళ్లీ చీకటిగదిలో కూర్చోబెట్టింది. ఈసారి ప్రతి అద్దానికీ అడిగింది, ప్రతి జవాబుకీ ఆగింది. కుట్టుపనావిడ ఒక చోట చాలాసేపు ఏమీ చెప్పలేదు. బయట ఎవరో వచ్చి పిలిచారు. అద్దాలమ్మ పలకలేదు, అలాగే నిలబడి ఆగింది. "మొదటిదే అక్కా," అంది చివరికి కుట్టుపనావిడ. "ఇప్పుడు గీత నిలబడింది."

మొదటిసారి రాసిన నంబరుకీ ఇప్పటిదానికీ చాలా తేడా ఉంది. అద్దాలమ్మ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూసింది. సూది కాబట్టి వేలితో పోయింది, రోడ్డు దాటుతున్నప్పుడైతే? ఆ ఆలోచన వెంటే ఇంకొకటి వచ్చింది. దాన్ని ఆపడం ఆవిడ తరం కాలేదు. నిరుడు ఆదివారం పండు కూడా సరేనన్నాడు. అమ్మ మీద గౌరవంతో అన్నాడు. తను ఆ సరేని నమ్మేసి హాయిగా ఏడాది గడిపింది. ఆ ఏడాది వాడికెలా గడిచిందో ఒక్కసారి కూడా అడగలేదు.

కుట్టుపనావిడకి డబ్బు తీసుకోకుండా కొత్తవి చేసిస్తానని చెప్పి, వేలికి మందు రాయించుకోమని పంపి, అద్దాలమ్మ వెనకగదిలోకి వెళ్లింది. మిషన్ తిరుగుతోంది. ఆవిడే స్విచ్చి ఆపేసింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పండు తడి అద్దం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నిరుడు నేను మళ్లీ ఎత్తకంటే సరేనన్నావు కదా. అది నిజం సరేనా?"

"కాదమ్మా."

"మరెందుకన్నావ్?"

"నువ్వు చాలా భయపడ్డావు. ఇంకా భయపెట్టడం ఎందుకులే అని."

"ఏడాదంతా ఎలా ఉన్నావు నువ్వు?"

పండు అద్దాన్ని గుడ్డతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. "అద్దంలో చూసుకోకుండా తల దువ్వుకోవడం నేర్చుకున్నాను," అన్నాడు. "ఇన్ని అద్దాలున్న షాపులో అది కొంచెం కష్టం." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అద్దాలమ్మ ఇక నిలబడలేకపోయింది. వాడి తల రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, గుండెకి అదుముకుని బావురుమంది. గడపలోకొచ్చిన ఇంటాయన ఆ దృశ్యం చూసి, ఏం చెయ్యాలో తోచక, షాపు ముందు తలుపు సగం మూసి అక్కడే కూలబడ్డాడు.

కాసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మెయిన్ రోడ్డు షాపుకి పోనక్కర్లేదు. ఒకటో తారీఖు నుంచి నీ జీతం ఇక్కడే. ఎందుకో చెప్పక్కర్లేదు."

"మరి కంప్యూటర్ మిషన్?"

"ఇన్నాళ్లూ మిషన్ లేకుండా జనానికి కళ్లు కనపళ్లేదా? ఇంకో ఏడాది ఆగుతుందది."

"జీతం ఇస్తే తీసుకుంటాను. ఎందుకో మాత్రం చెప్పే తీసుకుంటాను," అన్నాడు పండు. "నాకలాగే అలవాటు."

"మందు ఓ నెల ఆలస్యమైతే అవనీ, పరీక్ష మాత్రం ఒక్కటీ మానడానికి వీల్లేదు. విన్నావా? రక్తం చిక్కబడడాలూ అవీ నేను చూడలేను."

"అలాగేనమ్మా."

"భయంగా లేదా నీకు?"

"ఉంది. సూదంటే చిన్నప్పటినుంచీ భయమే కదా."

"నేనొస్తాను," అంది అద్దాలమ్మ. "నాకూ భయంగానే ఉంది. ఇద్దరం భయపడుతూ వెళ్దాం."

వాళ్లు వెళ్లిన రోజు ఆసుపత్రి వసారా నిండా జనం ఉన్నారు. థైరాయిడ్‌కి వచ్చినవాళ్లు, షుగర్‌కి వచ్చినవాళ్లు, ఒళ్లో రిపోర్టులు పెట్టుకుని కునికేవాళ్లు. అద్దాలమ్మ కుర్చీ అంచు మీద కూర్చుని ప్రతివాళ్ల మొహంలోకీ చూసింది, ఎవరు తమని చూసి ఏమనుకుంటున్నారోనని. ఎవరూ ఏమీ అనుకోవడంలేదు. ఎవరి జబ్బు వాళ్లకి ముద్దు. ఎదురుగా కూర్చున్న ముసలాయన కళ్లద్దాల ఫ్రేము ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఆవిడ చెయ్యి దాన్ని సరిచెయ్యాలని ఊరికే లాగింది.

డాక్టరు చిన్నవయసు మనిషి. రక్తపరీక్షల రిపోర్టులు తిరగేసి అన్నీ బాగున్నాయంది. మందు ఎలా పని చేస్తుందో, ఏయే మార్పులు ముందొస్తాయో, వేటికి జాగ్రత్తపడాలో తాపీగా చెప్పింది. తల్లికి అర్థమయ్యేదాకా రెండోసారి కూడా చెప్పింది. అద్దాలమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది. తర్వాత డాక్టరు కలం పక్కన పెట్టి, "మొదలుపెట్టేముందు ఇంకోసారి అడుగుతాను. ఇలా అని మొదటిసారి ఎప్పుడు తెలిసింది?" అంది.

"చిన్నప్పుడు అలాంటివేమీ లేవండీ," అంది అద్దాలమ్మ వెంటనే. "చక్కగా గౌనులేసుకునేది, అందరితో ఆడుకునేది, నేను..." అని, నోట్లో మాట నోట్లోనే ఆపేసింది. పండు తల వంచుకుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఆవిడకి బాగా తెలుసు. అది వాడు సరేననబోయే ముందు కూర్చునే తీరు.

"క్షమించండి," అంది అద్దాలమ్మ. "నాకు తెలీదు. వాణ్నే అడగండి."

పండు తల తిప్పి తల్లి వైపు చూశాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తుడుచుకోలేదు.

"బళ్లో వేసిన కొత్తలో," అన్నాడు. "ప్రార్థనకి రెండు వరసలు నిలబెట్టేవాళ్లు, ఆడపిల్లలొకటీ మగపిల్లలొకటీ. ఎవరూ చెప్పకుండానే నేను మగపిల్లల వరసలోకి వెళ్లి నిలబడ్డాను. టీచరు చెవి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది. అందరూ నవ్వారు. ఆ తోపులాటలో నా పలక పడి పగిలిపోయింది. ఇంటికొచ్చి ఏడుస్తూనే ఉన్నాను. అమ్మ పలక కోసం ఏడుస్తున్నాననుకుంది. పనంతా మానుకుని, ఎండలో నన్నెత్తుకుని వెళ్లి కొత్త పలక కొనిపెట్టింది. దానికి ఎర్ర అంచు కూడా ఉంది. అంత చేశాక ఇంకా ఏడిస్తే అమ్మ బాధపడుతుందని మానేశాను."

ఆ ఎర్ర అంచు పలక అద్దాలమ్మకి బాగా గుర్తుంది. కొన్నాక పిల్ల ఏడుపు ఠక్కున ఆగిందనీ, తనకి పిల్లల మనసు తెలుసనీ ఎంతమందికో చెప్పుకుంది. అంత చిన్నవయసులోనే వాడు తన కోసం ఏడుపు మింగేశాడు. నాతో ఎందుకు చెప్పలేదురా అని అడగాలనిపించింది, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తర్వాత?" అంది డాక్టరు.

పండు చెప్పడం మొదలుపెట్టాడు. అద్దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా, చివరిదాకా వింది.